పూత ఆగవలసిన చోటు: పాత స్పోర్ట్స్ కార్ల అల్లాయ్ చక్రాలకు కొత్త మెరుగు

పాత స్పోర్ట్స్ కారు అల్లాయ్ చక్రాలకు మళ్ళీ మెరుగు పెట్టించిన తరువాత పని ఎలా వచ్చిందో అందరూ ముందువైపు నుంచే చూస్తారు. రంగు సమంగా పడిందా, అంచు అద్దంలా తళుక్కుమంటున్నదా, నడిమి మూత మీద కంపెనీ గుర్తు సరిగ్గా కూర్చున్నదా అన్నవే ఆ పరీక్షలో ఉంటాయి. అయితే ఆ చక్రం రోడ్డు మీద నమ్మకంగా తిరుగుతుందో లేదో తేల్చేవి కారుకు బిగించిన తరువాత కంటికి కనిపించని చోట్లు. హబ్‌కు, అంటే ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి, ఆనే చదునైన వెనుక ముఖం, నట్టు కూర్చునే గుంట, హబ్ దూరే నడిమి రంధ్రం, టైరు అంచు ఒత్తుకుని కూర్చునే గాడి అనే ఈ నాలుగు చోట్ల పూత ఎక్కడ ఆగింది, లోహం ఏ స్థితిలో ఉంది, వేడి ఎంత తగిలింది అన్నవాటిని బట్టే ఈ పనికి విలువ కట్టాలి. ముందువైపు అందం ఆ తరువాతి సంగతి.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో గానీ, కరీంనగర్, రామగుండం వైపు గానీ పాత స్పోర్ట్స్ కారు కనిపించడమే అరుదు. కాబట్టి అలాంటి కారు చక్రాలు సాధారణంగా వేరే పనుల కోసం పెట్టుకున్న మడిగెలకే చేరతాయి: గేట్లకు, కిటికీ గ్రిల్లులకు పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి పొయ్యిలో కాల్చి పట్టించే పూత) వేసే చోటికి, లారీ రిమ్ములు సాపు చేసే చోటికి, డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డుకు. అక్కడి పనివాళ్ళ చేతి నేర్పులో లోటేమీ లేదు, కానీ ఆ నేర్పు అంతా ఇనుము మీద అలవడింది. అల్యూమినియం మూడు విషయాల్లో ఇనుముకు పూర్తిగా ఎదురు నడుస్తుంది. వేడికి అది బయటికి తెలియకుండా మెత్తబడుతుంది, క్షారానికి కరిగిపోతుంది, నట్టు ఒత్తిడికి సులువుగా నలుగుతుంది. పాత చక్రాలు పాడయ్యే తీరును గమనిస్తే ఎక్కువగా ఈ మూడింటిలో ఏదో ఒకటి మరవడమే కారణంగా కనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఆ చక్రం ఏ లోహంతో, ఏ పద్ధతిలో చేసినదో తెలుసుకోవాలి. పోత పోసిన అల్యూమినియం చక్రాలను రేసు కారుకు వాడి పేరు తెచ్చినది 1924లో వచ్చిన బుగాటీ టైప్ 35. ఆ తరువాత నలభై ఏళ్ళకు గానీ ఇవి మామూలు స్పోర్ట్స్ కార్లలోకి విరివిగా రాలేదు. 1960లలో ఇంగ్లండులో మినీ కార్ల కోసం మొదలైన మినీలైట్ చక్రాలు తొలుత మెగ్నీషియంతో పోసినవి. అదే దశకంలో, 1966లో, పోర్షె 911ఎస్ కారు కోసం జర్మనీలోని ఓట్టో ఫుక్స్ సంస్థ చేసిన ఐదు రేకుల చక్రం అల్యూమినియాన్ని వేడిగా అదిమి రూపం ఇచ్చినది, అంటే ఫోర్జింగ్ పని. చూపుకు అన్నీ వెండి రంగు చక్రాలే అయినా పోత అల్యూమినియం, ఫోర్జింగ్ అల్యూమినియం, మెగ్నీషియం అనే ఈ మూడింటికీ చేయవలసిన వైద్యం వేర్వేరు.

మెగ్నీషియాన్ని గుర్తుపట్టడం అన్నిటికంటే ముఖ్యం. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు కాగా అల్యూమినియానిది 2.70, కనుక ఒకే పరిమాణంలోని రెండు చక్రాలను చేతితో ఎత్తగానే తేడా తెలుస్తుంది. అనుమానం తీరకపోతే వెనుకవైపు రంగు గీకిన చిన్న చోట ఒక చుక్క వెనిగర్ వేయాలి. మెగ్నీషియం అయితే వెంటనే బుడగలు వస్తాయి, అల్యూమినియం అయితే చడీచప్పుడూ ఉండదు. మెగ్నీషియం అని తేలిన చక్రాన్ని గ్రైండర్ మీద పెట్టడం ప్రమాదకరం. దాని పొడి అంటుకుంటే ఆరడం కష్టం, నీళ్ళు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా రేగుతుంది. అర్ధ శతాబ్దం గడిచిన మెగ్నీషియం చక్రాన్ని శుభ్రం చేసి గోడకు తగిలించుకోవడమే మేలు. అలాంటిదానితో రోడ్డెక్కడం సాహసమే గానీ వివేకం అనిపించుకోదు.

పోత అల్యూమినియం చక్రాలకు ఎక్కువగా వాడేది ఏ356 అనే మిశ్రమం. ఇందులో సుమారు 7 శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం ఉంటాయి. చక్రాన్ని పోసిన తరువాత 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్ళలో ముంచి, మళ్ళీ 150 నుంచి 175 డిగ్రీల మధ్య కొన్ని గంటలు మగ్గబెడతారు. టీ6 అని పిలిచే ఈ ప్రక్రియలో మెగ్నీషియం, సిలికాన్ కలిసి కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా లోహమంతటా ఏర్పడతాయి, చక్రానికి బలం ఇచ్చేవి అవే. తరువాత ఎప్పుడైనా ఆ లోహానికి మగ్గబెట్టిన వేడిని మించి చాలాసేపు వేడి తగిలితే ఆ రేణువులు పెద్దవై, సంఖ్య తగ్గి, బలం పడిపోతుంది. పౌడర్ కోటింగ్ పొయ్యి సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, లోహం ఆ వేడికి చేరాక 10 నుంచి 20 నిమిషాలు చాలు. ఒక్కసారి, లెక్కగా చేస్తే చక్రానికి చెప్పుకోదగిన నష్టం ఉండదు. చిక్కు వచ్చేది లెక్క తప్పినప్పుడే. పొయ్యి మీద కనిపించే అంకె లోపలి గాలి వేడిని చెబుతుంది గానీ లోహపు వేడిని చెప్పదు. పైగా గేటు గొట్టాలు పలుచన, చక్రపు నడిమి భాగం మందం కాబట్టి గేటుకు పెట్టిన సమయం చక్రానికి సరిపోదు. రంగు సరిగ్గా పట్టలేదని వేడి పెంచి మళ్ళీ పెట్టడం, అదీ కుదరకపోతే పూత తీసి మూడోసారి కాల్చడం అన్నవి నష్టాన్ని పోగుచేస్తాయి. పాత రంగును 350 డిగ్రీలు దాటిన బట్టీలో కాల్చి బూడిద చేసే పద్ధతి ఇనుప సామానుకు చక్కగా పనికొస్తుంది, అల్లాయ్ చక్రానికి మాత్రం అదే చివరి ప్రయాణం.

ఈ మెత్తబడటం చూపుకు ఎందుకు దొరకదో అర్థం కావడానికి కమ్మరి కొలిమిని గుర్తు చేసుకోవచ్చు. కమ్మరి ఇనుము ఎర్రబడటం, పచ్చబడటం, తెల్లబడటం చూసి అది ఎంత కాగిందో చెప్పగలడు. అల్యూమినియం అలాంటి సూచన ఏదీ ఇవ్వదు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర, ఏ356 అంతకంటే ముందే, వెలుతురులో ఎర్రదనం కనిపించకుండానే కరిగిపోతాయి. వంగిన రిమ్ముకు గ్యాసు మంట పెట్టి సుత్తితో సాపు చేసేవారికి తెలియకుండానే ఆ చోట టీ6 బలం మాయమైపోయేది ఇందుకే. చక్రం మళ్ళీ గుండ్రంగానే వస్తుంది, బ్యాలెన్సింగ్ యంత్రం మీద కూడా సరిగ్గానే తిరుగుతుంది. కానీ తరువాతి గుంతలో అది అదే చోట మునుపటికంటే తేలికగా వంగుతుంది, లేదా చీలుతుంది. వెల్డింగు విషయమూ ఇంతే. టైరు పట్టే అంచు మీద చిన్న పగులును నిపుణుడు అతికితే ఒప్పుకోవచ్చునేమో గానీ, రేకుల మీద, రేకులు నడిమి భాగాన్ని కలిసే చోట, నట్టు గుంటల చుట్టూ పగులు కనిపిస్తే ఆ చక్రాన్ని పక్కన పెట్టవలసిందే.

పాత పూత తీయడంలో రెండో శత్రువు కాస్టిక్ సోడా. ఇళ్ళలో సిల్వర్ గిన్నెలని పిలిచే అల్యూమినియం పాత్రలను సోడాతో కడిగితే నల్లబడతాయని వంటింట్లో అందరికీ తెలిసిన విషయమే. ఇనుప గ్రిల్లుల జిడ్డు, రంగు వదిలించడానికి పెట్టుకున్న కాస్టిక్ తొట్టిలో అల్లాయ్ చక్రాన్ని ముంచితే జరిగేది అదే, కాకపోతే వంద రెట్ల వేగంతో జరుగుతుంది. లోహం హైడ్రోజన్ బుడగలు వదులుతూ కరుగుతుంది, సన్నని అంచులు, చెక్కిన అక్షరాలు, నట్టు గుంటల కొలతలు ముందుగా పోతాయి. ఇత్తడికి చింతపండు పట్టించే అలవాటు కూడా ఇక్కడ కుదరదు. జనగామ జిల్లా పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకు మీద తేగల మెరుపు చూడముచ్చటైనదే, కానీ ఇత్తడి మీది మకిలిని కరిగించే పులుపు అల్యూమినియం మీద సహజంగా ఉండే రక్షణ పొరను కూడా తినేస్తుంది. అల్యూమినియానికి తగిన రసాయన రిమూవర్‌తో పూత వదిలించి, ఆ పైన గాజు పూసలతో గానీ సన్నని అల్యూమినియం ఆక్సైడ్ రేణువులతో గానీ తక్కువ గాలి ఒత్తిడితో కొట్టడం, అంటే బ్లాస్టింగ్ చేయడం, సరైన దారి. ఇనుప గుండ్లతో, లేదా అంతకుముందు తుప్పు పట్టిన సామాను మీద వాడిన ఇసుకతో కొడితే ఇనుప రేణువులు మెత్తని అల్యూమినియంలో దిగబడిపోయి, కొత్త పూత కిందనే తుప్పు మచ్చలుగా, వాటి చుట్టూ గుంటలుగా తేలతాయి.

ఫుక్స్ చక్రాల వంటి కొన్నిటికి అసలు ఉన్నది రంగు కాదు, అనోడైజింగ్. అంటే విద్యుత్తుతో అల్యూమినియం ఆక్సైడ్ పొరనే మందంగా పెంచడం. ఆ పొరను తీసి మళ్ళీ పెంచగలిగితేనే అసలు రూపు వస్తుంది, క్లియర్ లాకర్ అనే రంగులేని పారదర్శక పూత దానికి దగ్గర పోలిక మాత్రమే. సిలికాన్ ఎక్కువ ఉన్న పోత చక్రానికి అదే అనోడైజింగ్ చేయిస్తే సిలికాన్ రేణువులు ఆ పొరగా మారవు కాబట్టి బూడిద రంగులో మొద్దుగా వస్తుంది. పోత చక్రాన్ని ఫుక్స్‌లా చేయించాలన్న కోరిక చాలాసార్లు ఇక్కడే భంగపడుతుంది.

పూత తీసిన తరువాత, కొత్త పూత వేయకముందు, లోహం ఒంటరిగా కనిపించే ఆ ఒక్క రోజు చక్రాన్ని పరీక్షించడానికి దొరికే అసలైన అవకాశం. చిత్రంగా అందరూ తొందరపడి దాటవేసేదీ ఆ రోజునే. కాజీపేట వంటి పెద్ద జంక్షన్లలో ఒకప్పుడు రైల్వే ఉద్యోగులు పొడవాటి సుత్తితో చక్రాల మీద కొట్టి నాదం వినేవారు. పగుళ్ళు లేని చక్రం గంటలా మోగుతుంది, పగులు ఉన్నది మొద్దుగా పలుకుతుంది. కారు చక్రానికీ ఆ పరీక్ష మొదటి వడపోతగా పనికొస్తుంది. తరువాత ఎర్రని పెనెట్రెంట్ ద్రవం చల్లి, కాసేపు ఆగి తుడిచి, తెల్లని డెవలపర్ చల్లితే వెంట్రుకంత పగులు కూడా ఎర్ర గీతగా బయటపడుతుంది. స్ప్రే డబ్బాల్లో దొరికే ఈ సామగ్రికి అయ్యే ఖర్చు నాలుగు చక్రాల పూత ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై నేడు ఎన్ఐటీగా ఉన్న విద్యాసంస్థలో లోహశాస్త్రం బోధించే ఊరిలో ఈ పరీక్ష కారు షెడ్ల దాకా రాకపోవడం కొంచెం వింతే. చివరగా డయల్ గేజ్ పెట్టి చక్రాన్ని తిప్పి, పక్కకూ పైకీ ఎంత ఊగుతున్నదో కొలవాలి. ఊగు మిల్లీమీటరు దాటిందంటే ఎంత బ్యాలెన్సింగ్ చేసినా స్టీరింగ్‌లో వణుకు పోదు.

పూత విషయంలో ద్రవ రంగా, పౌడరా అన్న వాదన తరచూ వినిపిస్తుంది. పౌడర్ దెబ్బలకు గట్టిగా నిలుస్తుంది, కానీ మందంగా పడుతుంది, వేడి కోరుతుంది. ద్రవ రంగు పలుచగా, అసలు చక్రానికి దగ్గరి రూపంతో వస్తుంది, చిన్న గీత పడితే అక్కడికక్కడే సరిచేయవచ్చు. అరుదైన, వయసు మీరిన చక్రానికి వేడి తగలని ద్రవ రంగునే ఎంచుకోవడం సబబు. ఏది ఎంచుకున్నా గాలి తగిలిన అల్యూమినియం మీద క్షణాల్లో ఆక్సైడ్ పొర మొదలవుతుంది కనుక, బ్లాస్టింగ్ జరిగిన రోజే కన్వర్షన్ కోటింగ్ అనే పలుచని రసాయన పొర గానీ ఎపాక్సీ ప్రైమర్ అనే అడుగు పూత గానీ పడాలి. పాత పోత చక్రాల లోపల సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోని గాలి, నూనె పొయ్యిలో బయటికి తన్నుకొచ్చి పౌడర్ మీద బొబ్బలు పెడతాయి. అందుకే పౌడర్ వేయకముందే చక్రాన్ని ఒకసారి ఖాళీగా వేడిచేసి వాటిని వెళ్ళగొట్టాలి. వరంగల్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలపు తేమ ద్రవ రంగుకు పెద్ద పరీక్ష. తొందరగా ఆవిరయ్యే థిన్నర్ ఉపరితలాన్ని చల్లబరిస్తే గాలిలోని తేమ దాని మీద చేరి లాకర్ పాలలా తెల్లబారుతుంది, కంప్రెసర్ గొట్టంలో నీటిని పట్టే ఫిల్టర్ లేకపోతే చేప కన్నుల్లాంటి గుంటలు పడతాయి. రెండు డబ్బాలు కలిపి వాడే పాలీయురిథేన్ రంగులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయని, ముక్కుకు రుమాలు కట్టుకుంటే అవి ఆగవని, బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు కావాలని పనివాళ్ళకు చెప్పవలసిన బాధ్యత పని ఇచ్చేవారిది కూడా.

ఇక పూత ఆగవలసిన చోటుకు వద్దాం. ఎం12 స్టడ్‌కు, అంటే నట్టు ఎక్కే 12 మిల్లీమీటర్ల వ్యాసపు దారాల కడ్డీకి, నట్టును 100 న్యూటన్ మీటర్ల బిగువుతో తిప్పితే, మామూలు పొడి దారాల మీద, సుమారు 40 కిలోన్యూటన్ల పట్టు పుడుతుంది. అంటే ఒక్కొక్క నట్టు చక్రాన్ని హబ్‌కు నాలుగు టన్నుల బరువంత బలంగా అదిమి ఉంచుతుంది. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, స్టడ్ రబ్బరులా కొద్దిగా సాగి, వెనక్కి గుంజడం నుంచి. బిగింపు పొడవు 30 మిల్లీమీటర్లు అనుకుని లెక్క కడితే ఆ సాగు దాదాపు 0.07 మిల్లీమీటర్లు, అంటే 70 మైక్రాన్లు. ఒక పొర పౌడర్ కోటింగ్ మందం 60 నుంచి 100 మైక్రాన్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ప్రమాదం దానంతటదే కనిపిస్తుంది. నట్టు గుంటలో ఒక పొర, వెనుక ముఖం మీద ఒక పొర పూత మిగిలిపోతే, బ్రేకు వేడికి, రోడ్డు కుదుపులకు అది నలిగి పలుచబడినకొద్దీ స్టడ్ సాగు ఆ మేరకు తగ్గిపోతుంది. 35 మైక్రాన్లు నలిగితే పట్టు సగం పోయినట్టే. నట్టు ఇంచుమించు తిరగకుండానే వదులవుతుంది, ఆ తరువాత తిరగడం మొదలుపెడుతుంది. అందువల్ల నట్టు గుంటలను సిలికాన్ బిరడాలతో, వెనుక ముఖాన్ని వేడికి తట్టుకునే టేపుతో మూసిన తరువాతే పూత వేయాలి. వెనుక ముఖానికి తేమ నుంచి రక్షణగా కన్వర్షన్ కోటింగ్ చాలు, దాని మందం లెక్కలోకి రానంత తక్కువ. పూత పడిపోయిన తరువాత గ్రైండర్ రాయితో గుంటలను గీకి శుభ్రం చేయడం మాత్రం మందు పేరుతో మరో రోగం తెచ్చుకోవడమే, ఎందుకంటే గుంట కోణం చెడితే నట్టు ఒక గీత మీద మాత్రమే ఆనుతుంది.

నట్టు గుంట ఆకారాలు మూడు రకాలు: 60 డిగ్రీల శంకువు, బంతిలా గుండ్రనిది, వాషరుతో కూర్చునే చదునైనది. పోర్షె కార్లది గుండ్రని రకం, జపాను కార్లలో శంకువు ఎక్కువ, పాత అల్లాయ్ చక్రాలు కొన్నిటికి పొడవైన మెడ ఉన్న నట్టు, చదునైన వాషరు కావాలి. స్టీలు చక్రం నట్లనే అల్లాయ్‌కు వాడటం సామాన్యంగా జరిగే పొరపాటు. అల్లాయ్ నడిమి భాగం మందం ఎక్కువ కనుక స్టడ్ పొడవు చాలకపోవచ్చు కూడా. నట్టు కనీసం స్టడ్ వ్యాసమంత లోతుకు ఎక్కాలి. ఎం12, 1.5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక్క చుట్టుకు నట్టు కదిలే దూరం) స్టడ్‌కు అది 8 పూర్తి చుట్లు. నాలుగు చుట్లకే నట్టు బిగిసిందంటే అక్కడే ఆగాలి.

స్టడ్ల సంఖ్యను, అవన్నీ పడే వృత్తపు వ్యాసాన్ని చెప్పే కొలత, అంటే పీసీడీ, పాత కార్లలో మరింత మోసం చేస్తుంది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ కారుకు, అదే ఛాసిస్‌ను కుదించి ఇంగ్లండులో చేసిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కు పీసీడీ 4×95.25 మిల్లీమీటర్లు. ఫియట్ కార్లు అనేకం 4×98, నేటి స్విఫ్ట్ వంటివి 4×100, ఎంజీబీ 4×114.3. చివరిది ఎలాగూ ఎక్కదు కాబట్టి దానితో ప్రమాదం లేదు. మొదటి మూడూ దాదాపు ఎక్కినట్టే అనిపిస్తాయి. 98 చక్రాన్ని 95.25 హబ్‌కు తొడిగితే ప్రతి రంధ్రం 1.4 మిల్లీమీటర్లు బయటికి జరిగి ఉంటుంది. నట్టు వంకరగానైనా దిగుతుంది, స్టడ్ పక్కకు వంగి బిగుస్తుంది, ప్రతి చుట్టుకూ ఆ వంపు మీదే ఒత్తిడి పడి లోహం అలసిపోతుంది. హెరాల్డ్ కుటుంబం తొలి కార్ల స్టడ్లు 3/8 అంగుళాల సన్నవి కనుక వాటి విషయంలో ఈ సర్దుబాటు అసలే వద్దు. నడిమి రంధ్రం కూడా చూడాలి. బయట దొరికే అల్లాయ్‌లలో 73.1 మిల్లీమీటర్ల రంధ్రం తరచూ కనిపిస్తుంది, హబ్ 54.1 అయితే చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. దానిని నింపే రింగు వేస్తే చక్రం బిగించేటప్పుడు సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. ఆ రంధ్రంలో పూత గడ్డకట్టి ఉంటే రింగు దిగదు, దిగితే మళ్ళీ రాదు.

చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి నిలుస్తుందో చెప్పేది ఆఫ్‌సెట్, అంటే చక్రం వెడల్పు మధ్య గీత నుంచి వెనుక ముఖం దాకా మిల్లీమీటర్లలో దూరం. చక్రం మీద ఈటీ అని పోసి ఉండే అంకె అది, జర్మన్ మాట ఐన్‌ప్రెస్‌టీఫేకు పొట్టి రూపం. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5 కారు అసలు అల్లాయ్ కొలత 5.5జె×14 (5.5 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల వ్యాసం), ఈటీ 45. దాని బదులు 7జె, ఈటీ 25 చక్రం వేశామనుకుందాం. వెడల్పును మిల్లీమీటర్లలోకి మార్చి సగం చేసి ఆఫ్‌సెట్‌ను కూడితే లోపలి అంచు పాతదానికంటే ఒక మిల్లీమీటరు ఇవతలికే వస్తుంది, కాబట్టి షాకబ్జార్బర్‌కు తగలదు. సగం వెడల్పు నుంచి ఆఫ్‌సెట్‌ను తీసివేస్తే బయటి అంచు మాత్రం 39 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. చూపుకు అది దర్జాగా ఉంటుంది, కానీ స్టీరింగ్ బరువెక్కుతుంది, గుంత తగిలినప్పుడల్లా చేతుల్లోంచి గుంజుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది, ఇద్దరు కూర్చుని వంపు తిరిగితే టైరు మడ్‌గార్డు అంచును కోస్తుంది. టైరు వ్యాసం లెక్క ఇంత కష్టం కాదు. 185/60 ఆర్14 టైరు వ్యాసం 577.6 మిల్లీమీటర్లు, 195/50 ఆర్15 ది 576, తేడా లేనట్టే. అయితే పక్కగోడ ఎత్తు 111 నుంచి 97.5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. యాసంగి వడ్లు రోడ్డుకు ఒక పక్కన ఆరబోసి, కుప్ప చుట్టూ రాళ్ళు పేర్చి ఉండే దారుల్లో ఆ పదమూడున్నర మిల్లీమీటర్ల రబ్బరు రిమ్ముకు చేసే మేలు చిన్నది కాదు. ఈ నేల మీద తిరిగే పాత కారుకు పెద్ద రిమ్ము, పలుచటి టైరు అన్నది అద్దాల గది కోరికే.

టైరు కూర్చునే గాడిలో పాత చక్రాలకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. ట్యూబు కోసం చేసిన పాత రిమ్ములకు టైరు అంచు లోపలికి జారకుండా ఆపే గుబ్బ ఉండదు. గుబ్బ ఉన్నవాటి మీద కొలత పక్కన హెచ్ గానీ హెచ్2 గానీ ఉంటుంది. అది లేని రిమ్ముకు ట్యూబు తప్పనిసరి. ఉన్న రిమ్ముకు గాలి దిగిపోతున్నదని ట్యూబు వేయడం మాత్రం రోగాన్ని దాచడమే, ఎందుకంటే గాలి దిగేది సాధారణంగా గాడిలో పేరుకున్న తెల్లని ఆక్సైడ్ పొర వల్ల. పునరుద్ధరణలో ఆ పొరను నున్నగా తీసి, ఒక్క పలుచని పొర ప్రైమర్‌తో ఆపితే సమస్య అక్కడికి తీరుతుంది.

బ్యాలెన్సింగ్‌కు అంచున కొట్టే క్లిప్పు బరువులు కొత్త పూతను మొదటి రోజే చీలుస్తాయి. ఆ చీలికలోకి తేమ దూరి లాకర్ కింద వానపాము జాడల్లాంటి గీతలు పాకడం మొదలవుతుంది. లోపలివైపు అంటించే బరువులే మేలు. వరంగల్ చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో వానాకాలం తిరిగిన కారు రిమ్ము లోపల బురద ఒక పక్కన గడ్డకడితే ఏమవుతుందో లెక్క చూడవచ్చు. 40 గ్రాముల మట్టి గడ్డ, గంటకు 80 కిలోమీటర్ల వేగం దగ్గర, సెకనుకు 12 సార్లు, నాలుగు కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. బ్యాలెన్సింగ్ చెడిందని మడిగెకు పోయే ముందు లోపలివైపు ఒకసారి కడిగి చూడటం డబ్బు మిగిల్చే పని. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దారుల్లో పడే దుమ్ము గరుకు కాగితం వంటిది, దానిని పొడిగుడ్డతో తుడిస్తే లాకర్ మీద గీతలే. ముందుగా నీళ్ళతో జార్చాలి, బోరు నీళ్ళయితే ఆరిపోకముందే తుడవాలి, లేకపోతే ఉప్పు మచ్చలు మిగిలిపోతాయి. బ్రేకు దుమ్మును ఒక్క దెబ్బకు వదిలిస్తామనే ఆసిడ్ వాష్‌కు దూరంగా ఉండటం మంచిది.

చట్టం సంగతి కొద్దిగా. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని అడ్డుకుంటుంది. 50 ఏళ్ళు నిండిన కార్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు వాహనం అసలు రూపంలో ఉండాలని కోరుతున్నాయి. ఆ రిజిస్ట్రేషన్ ఆలోచన ఉన్నవారు అసలు చక్రాలను, అవి ఎంత అందవిహీనంగా ఉన్నా, అమ్ముకోకుండా దాచుకోవాలి.

బిగింపు రోజున హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో తుప్పు లేకుండా శుభ్రం చేసి, చక్రాన్ని తొడిగి, నట్లను ముందుగా వేళ్ళతోనే ఎక్కించాలి. తరువాత చక్రం గాలిలో ఉండగానే ఎదురెదురు నట్లను వరుసగా ఒక మోస్తరుగా బిగించి, కారును కిందికి దించి, టార్క్ పానాతో మాన్యువల్‌లో ఉన్న అంకెకు తేవాలి. పోర్షె 911కు అది 130 న్యూటన్ మీటర్లు, హెరాల్డ్ కుటుంబం సన్న స్టడ్లకు అందులో సగం కూడా తగదు. ఎయిర్ గన్‌తో టకటకా బిగించి పంపితే ఒక నట్టుకు ఎక్కువ, మరొకదానికి తక్కువ పడి హబ్ వంకర పోతుంది, మెత్తని గుంట నలుగుతుంది. మాన్యువల్ చెప్పనిదే దారాలకు గ్రీజు రాయరాదు, రాస్తే అదే అంకె దగ్గర స్టడ్ చాలా ఎక్కువగా సాగుతుంది. నట్టు మీద, దాని పక్కన చక్రం మీద కలిసేలా రంగు పెన్నుతో ఒక సన్నని గీత గీసి పెట్టుకుని, హనుమకొండ నుంచి కరీంనగర్ దాకా సుమారు 70 కిలోమీటర్లు మామూలు వేగంతో పోయి, అక్కడ చక్రాలు పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. బ్రేకు వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక వేడి మీద చూసిన బిగువు నిజం చెప్పదు. చల్లారిన తరువాత గీత తెగిందేమో చూసి, తెగకపోయినా సరే, అదే పానాను అదే అంకెకు పెట్టి నట్లన్నిటినీ మళ్ళీ ఒకసారి పరీక్షించాలి. ఎక్కడైనా నట్టు ఇంకా తిరిగితే గుంటలో పూత మిగిలి ఉండవచ్చు, ఆ చక్రాన్ని విప్పి చూడాలి.